సార్కోపీనియా
వయసు పైబడిన కొద్దీ కండరాల రాశి, బలము క్షీణించుటను సార్కోపీనియా అంటారు. గ్రీకులో "సార్క్స్" అనగా మాంసము, "పెనియా" అనగా లేమి. ఈ పేరును 1989లో అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ ప్రకటించాడు.

వృద్ధులు పడిపోవుటకు ఇదొక ముఖ్య కారణము. కాలు తట్టుకొన్నప్పుడు రెండవ కాలు చప్పున ముందుకు వేస్తేనే మనిషి నిలదొక్కుకొంటాడు. అందుకు తోడ్పడే, వేగంగా సంకోచించే కండర తంతువులే వయసుతో ఎక్కువగా సన్నబడతాయి.

బరువు తూచి దీనిని కనిపెట్టలేము. కండరము తరిగిన మేరకు కొవ్వు చేరితే తూకం మారదు. చూపులకు పుష్టిగా ఉన్నవారు సైతం చేతి ఆసరా లేక కుర్చీలోనుండి లేవలేకపోవచ్చు. వయసైపోయింది కదా అని ఇంటివారు సరిపెట్టుకొనుట పరిపాటి. 2019 నాటి ఐరోపా మార్గదర్శకాల ప్రకారం చేతి పట్టు బలము పురుషులలో 27 కిలోల కంటే, స్త్రీలలో 16 కిలోల కంటే తగ్గితే ఈ స్థితిని అనుమానించాలి. చికిత్సలో ప్రధానమైనది కండరాలకు బలమిచ్చే వ్యాయామము. నడక ఒక్కటే చాలదు.