వాడిది మొండితనం కాదు: ఆటిజం గురించి ఇంట్లో పిల్లలకు ఎలా చెప్పాలి?

షాదీలో బ్యాండు మోగగానే ఒక పిల్లాడు చెవులు మూసుకుని మూలకు పరుగెడతాడు. ఈద్ రోజు జరీ షేర్వానీ తొడిగితే విప్పి పారేస్తాడు. షీర్ ఖుర్మా నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. "మొండోడు, అంతా తల్లి గారాబం" అంటారు చుట్టాలు. అది విని తోటి పిల్లలూ వాడిని ఏడిపిస్తారు. చివరికి ఆ తల్లి దావత్‌లకు వెళ్లడమే మానేస్తుంది.

అసలేం జరుగుతుంది?

ఆటిజం అంటుకునే జబ్బు కాదు. పెంపకం వల్లో, టీకాల వల్లో వచ్చేదీ కాదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఈ తేడా ఉన్న చాలామందికి శబ్దం, వెలుతురు, వాసన, స్పర్శ, రుచి మనకు తెలిసినంతే తెలియవు. కొన్ని మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా తెలుస్తాయి. మిక్సీ శబ్దానికి వణికిపోయే పిల్లాడే మోకాలు దోక్కుపోయినా ఏడవకపోవచ్చు. చేతులు ఆడించడం, ముందుకీ వెనక్కీ ఊగడం చాలాసార్లు తనను తాను కుదుటపరచుకోవడానికే. ఎవరికీ ఇబ్బంది లేకపోతే ఆపకండి.

పిల్లలకు ఇలా చెప్పండి

టీవీ సౌండ్ బాగా పెంచండి. లేబుల్ గుచ్చుకునే చొక్కా వేసుకుని, ఆ గోలలోనే లెక్క చేయమనండి. కాసేపటికే విసుక్కుంటారు. "తమ్ముడికి చాలా రోజులు ఇలాగే ఉంటుంది, పైగా మనలా చెప్పుకోలేడు" అనండి. ఇట్టే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. బొమ్మ కోసం చేసే మారాం బొమ్మ ఇస్తే ఆగుతుంది. గోల తట్టుకోలేక వచ్చే ఏడుపు అలా ఆగదు. అప్పుడు తిట్టొద్దు, చుట్టూ మూగొద్దు. నిశ్శబ్దంగా ఉన్న గదికి తీసుకెళ్లాలి.

అన్నలు, అక్కలు చేయగలిగినవి

ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఏముంటుందో ముందే చెప్పాలి. ఈద్‌కు మెత్తటి కాటన్ కుర్తా చాలు. గలే మిలే ముందు వాడికి ఇష్టమేనా అని చూడాలి, సలాం చెప్పినా సరిపోతుంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నవ్వకూడదు.

పెద్దలకు ఒక మాట

పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, మాట ఆలస్యం కావడం కనిపిస్తే "నజర్ తగిలింది" అంటూ ఏళ్లు గడపకండి. దువా చేయండి, పిల్లల డాక్టరుకూ చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కాబట్టి మిగతా పిల్లలతో కలిసి బడిలో చదువుకోవడం వాడి హక్కు, ఎవరో చేసే దయ కాదు.