ట్రంకు పెట్టె నుండి కంప్యూటర్ తెర దాకా



బొమ్మలు వేయడం డబ్బున్న పిల్లల సరదా అని మనలో చాలామంది అనుకుంటారు. అందులోనూ కంప్యూటర్ మీద బొమ్మలంటే అది మనకు సంబంధించిన విషయమే కాదనుకుంటారు. మేము ముగ్గురమూ అలా అనుకున్నవాళ్ళమే. 2016లో ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతిలో చేరాము. మా మూడు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. ఈ ఏళ్ళలో ఏ గురువూ లేకుండా డిజిటల్ పెయింటింగ్ ఎలా నేర్చుకున్నామో, ఎక్కడ తప్పు చేశామో తమ్ముళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

డిజిటల్ పెయింటింగ్ అంటే ఏమిటి?

కంప్యూటర్ దానంతట అదే బొమ్మ వేస్తుందని కొందరి భ్రమ. ఇక్కడా గీసేది మన చెయ్యే. కాగితం బదులు తెర, కుంచె బదులు మౌసు గానీ పెన్ టాబ్లెట్ గానీ ఉంటాయి. దీనిలో ఉన్న గొప్ప సదుపాయం లేయర్లు. ఒకదాని మీద ఒకటి పరచిన గాజు పలకల్లాంటివి ఇవి. ఒక పలక మీద గీత, ఇంకో పలక మీద రంగు, మరోదాని మీద నీడ వేసుకోవచ్చు. నీడ నచ్చకపోతే ఆ పలక ఒక్కటే తుడుస్తాము. కింది బొమ్మ చెక్కు చెదరదు.

హాస్టలే మా డ్రాయింగ్ స్కూలు

2018లో ఇంటర్లో ఉండగా మాలో ఒకరికి వాళ్ళ అన్న వాడిన పాత ఫోను దొరికింది. ఐబిస్ పెయింట్ అనే ఉచిత యాప్ ఎక్కించి వేలితో గీయడం మొదలుపెట్టాము. అందులో వందల రకాల కుంచెలు ఉన్నాయి. మంచి కుంచె దొరికితే మంచి బొమ్మ వస్తుందనుకుని మూడు నెలలు వాటిని మారుస్తూ గడిపాము. ముఖాలు మాత్రం వంకరగానే వచ్చాయి. లోపం కుంచెలో లేదని, మాకు గీయడమే రాదని అప్పుడు అర్థమైంది.

అందుకని మళ్ళీ పెన్సిలు పట్టాము. ట్రంకు పెట్టెను నాలుగు వైపుల నుండి గీసి దూరం వెళ్ళే కొద్దీ గీతలు ఎలా దగ్గరవుతాయో తెలుసుకున్నాము. స్టీలు గ్లాసు మూతి గుండ్రమే అయినా, కంటి ఎత్తుకు దగ్గరయ్యే కొద్దీ సన్నని కోడిగుడ్డులా కనిపిస్తుందని గమనించాము. భోజనాల లైనులో నిలబడ్డవాళ్ళను నిమిషానికి ఒకరి చొప్పున గీశాము. పాత పత్రికల్లో వడ్డాది పాపయ్య గారి (1921–1992) రంగులు, బాపు గారి (1933–2014) గీతలు చూసి సాధన చేశాము. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఊళ్ళకు వెళ్ళిపోయినప్పుడు మాకు మిగిలింది నోటు పుస్తకాల వెనక పేజీలే. నిజానికి మా చెయ్యి కుదిరింది ఆ ఏడాదిలోనే.

ఫ్లెక్సీ షాపులో నేర్చిన పాఠం

2021లో డిగ్రీ చదువుతూ ఒక ఫ్లెక్సీ షాపులో రాత్రి పూట పనికి కుదిరాము. లేయర్లు, షార్ట్‌కట్లు, ప్రింటింగ్ సంగతులు అక్కడే వచ్చాయి. అయితే అక్కడ ఒక నియమం ఉండేది. "ముఖం తెల్లగా చెయ్యి తమ్ముడూ, లేకపోతే పార్టీ ఒప్పుకోదు" అనేవారు ఓనరు. మేమూ అలాగే చేస్తూ పోయాము.

అంతలో మాలో ఒకరి తాత చనిపోయారు. ఆయన ఫోటో అంటే ఓటరు కార్డు మీద ఉన్నది ఒక్కటే. దినాల నాటికి మేమే బొమ్మ తయారు చేసి, అలవాటు కొద్దీ తెల్లగా చేసి పట్టుకెళ్ళాము. నాయనమ్మ దాన్ని కాసేపు చూసి, "ఈయనెవర్రా?" అని అడిగింది. మాకు నోట మాట రాలేదు.

మన రంగు వేయడం ఎలా?

ఆ తర్వాత మేము మొదట నేర్చుకున్నది మన వాళ్ళ ఒంటి రంగు వేయడం. మేము చూసిన పాఠాల్లో చర్మం రంగు అంటే గులాబీ రంగే. నల్లని మనిషిని వేయాలంటే దానికి నలుపు కలిపేవాళ్ళం. అలా చేస్తే ముఖం బూడిద పూసినట్టు జీవం లేకుండా పోతుంది. నలుపు కలపకూడదు. ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగుతో మొదలుపెట్టాలి. నీడను మల్టిప్లై పద్ధతిలో వేరే లేయర్ మీద వేయాలి. అక్కడ కూడా ఎరుపు చావకూడదు. నుదురు, ముక్కు, చెంప ఎముకల మీద మెరుపు స్పష్టంగా ఉండాలి. ఆరుబయట ఆ మెరుపులో ఆకాశపు నీలం కొంచెం కలుస్తుంది. ఎండలో నిలబడ్డ మన నాన్నను ఒకసారి చూడండి, తెలుస్తుంది.

ఇంకొన్ని మెళకువలు:

బొమ్మను మధ్య మధ్య నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. వెలుగు నీడలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. అద్దంలో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూస్తే వంకరలు బయటపడతాయి. ఎ4 సైజులో ప్రింటు కావాలంటే మొదటే 2480 × 3508 పిక్సెళ్ళు పెట్టుకోవాలి. తెర మీద రంగు కాంతితో వస్తుంది, ప్రింటులో సిరాతో వస్తుంది. కాబట్టి తెర మీద కనిపించినంత మెరుపు కాగితం మీద రాదు. జేపీజీగా మాత్రమే దాచుకుంటే లేయర్లన్నీ కలిసిపోతాయి. అసలు ఫైలు విడిగా దాచుకోవాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనుక వెంట వెంటనే సేవ్ చేయాలి.

దొంగ సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. క్రీటా, గింప్ రెండూ ఉచితం. 1996లో గింప్‌ను విడుదల చేసింది అమెరికాలోని బర్కిలీలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులే. 2022లో స్కాలర్‌షిప్ డబ్బులతో పాత పెన్ టాబ్లెట్ ఒకటి 1,800 రూపాయలకు కొని ముగ్గురం వంతుల వారీగా వాడుకున్నాము. చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉండాలి గనుక మొదటి రెండు వారాలు గీతే పడలేదు. భయపడకండి, అలవాటవుతుంది.

2023లో తాత బొమ్మ మళ్ళీ వేశాము. ఈసారి నాయనమ్మ చాలాసేపు చూసింది. "కండువా ఆ భుజం మీద కాదురా, ఎడం భుజం మీద వేసుకునేవాడు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయనెవరని మాత్రం అడగలేదు.

కండువా వేరే లేయర్ మీద ఉంది. మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

తమ్ముళ్ళారా! మీ ట్రంకు పెట్టె మీ పక్కనే ఉంది. ఈ రాత్రే దాన్ని గీయడం మొదలుపెట్టండి.

– ముగ్గురు పూర్వ విద్యార్థులం