వంకరపాదమునకు పిండికట్టు వైద్యము

వేయి కాన్పులలో ఇంచుమించు ఒకదానియందు, శిశువు పాదము లోపలికి తిరిగి, మడమ పైకి గుంజుకొనిపోయి, అరికాలు రెండవకాలివైపు మొగమై, నేలనానుటకు వీలులేని స్థితిలో జనించుచుండును. ఆడశిశువులకంటె మగశిశువులలో ఇది రెండింతలు. సుమారు సగముమందికి రెండు పాదములును ఇట్లే యుండును. గ్రహణవేళ గర్భిణి కత్తిపీట పట్టినను, కదలి మెదలినను బిడ్డకు అవయవలోపము కలుగునను నమ్మకము తెలుగునాట నేటికిని పోనందున, పురిటిమంచముమీది తల్లి ఒడలి నొప్పి తీరకముందే ఇంటివారి నిందకు లోనగుచున్నది. ఇది ఘోరమైన అన్యాయము. కొన్ని కుటుంబములలో తరతరములుగ కనబడుటనుబట్టి ఇందు వంశానుగతమైన అంశము కలదని వైద్యులు గ్రహించిరి; గ్రహణమునకును దీనికిని ఏ సంబంధమును లేదు.

బిడ్డ పుట్టినవెంటనే మృదువుగ చేతితో సవరించి కట్టుకట్టవలెనని గ్రీకువైద్యుడు హిపోక్రటీస్ దాదాపు 2,400 ఏండ్లక్రిందటనే బోధించెను. అయినను ఇరువదవ శతాబ్దమున శస్త్రవైద్యులు పలువురు కీళ్ళను విప్పి, వానిని బంధించు స్నాయువులను కోసి పాదమును సరిచేయుటకే మొగ్గుచూపిరి. అట్లు సరియైన పాదము చూపునకు తిన్ననిదే కాని, వయసు వచ్చినకొలది బిరుసెక్కి, నొప్పిపెట్టి, నడకకు భారమయ్యెడిది. 1914లో స్పెయిన్ దేశపు మినోర్కా ద్వీపమున జన్మించి, అంతర్యుద్ధమున క్షతగాత్రులకు సేవచేసి, దేశము విడిచి ఫ్రాన్సు, మెక్సికోలమీదుగ 1941లో అమెరికాలోని అయోవా చేరిన ఇగ్నాసియో పొన్సేటి, శస్త్రచికిత్స పొందిన పాదములను పరిశీలించి, కత్తి ఇందుకు తగిన సాధనము కాదని నిశ్చయించుకొనెను. ఆయన తన పిండికట్టు పద్ధతి ఫలితములను 1963లో ప్రకటించెను. లోకము మూడు దశాబ్దములు దానిని పట్టించుకొనలేదు. నాటి రోగులు నడివయసున సుఖముగ నడచుచున్నారని 1995లో వెల్లడియైన పిదపనే అది దేశదేశములకు ప్రాకినది. 2009లో కన్నుమూయునాటికి ఆయనకు 95 ఏండ్లు.

పద్ధతిలోని సొగసంతయు వైద్యుని వ్రేళ్ళయందున్నది. శిశువు స్నాయువులు మెల్లగ లాగినచో సాగును; బలవంతము చేసినచో చినుగును. కావున చీలమండ వెలుపలివైపు తగులు ఎముక తలపై బొటనవ్రేలు ఆనించి, తక్కిన పాదమంతయు ఆ యూతమీద వెలుపలికి కొద్దికొద్దిగ త్రిప్పి, కాలివ్రేళ్ళ మొదలు తొడవఱకు, మోకాలు మడిచి పిండికట్టు వేయుదురు. మడమను ముట్టరాదు, ముందుభాగము సరియైనచో అది తనంతటనే త్రోవకు వచ్చును. మడమను బలిమిని త్రిప్పబోవుటయే పూర్వుల పొరపాటని పొన్సేటి మతము. వారమున కొకమారు కట్టు మార్చుచు, అయిదాఱు కట్లు ముగియుసరికి పాదము వెలుపలికి తిరుగును. మడమ ఇంకను దిగనిచో, చాలమందికి దిగదు, ఆ చోటు మాత్రమే తిమ్మిరెక్కించి మడమవెనుకటి స్నాయువును సన్నని కత్తితో తెంచి, మూడువారములు కట్టులో నుంచుదురు. ఆ వ్యవధిలో అది నిడుపు పెరిగి మరల అతుకుకొనును.

అసలు పరీక్ష ఇటుపిమ్మట ప్రారంభమగును. ఒక కమ్మికి బిగించిన జోడుబూట్లను మూడునెలలు దినమునకు 23 గంటలును, ఆపై నాలుగైదేండ్లవఱకు నిద్రవేళలందును బిడ్డకు తొడుగవలయును. పాదము ముద్దుగ, తిన్నగ కనబడుచున్నది. బిడ్డ మొదటి రాత్రులు ఏడ్చును. "పిల్లాడు ఏడుస్తున్నాడు, ఆ బూట్లు తీసెయ్యవే అమ్మా" అని అమ్మమ్మ జాలిపడును. ఆ జాలియే వంకరను మరల తెచ్చును. పొద్దున్నే కూలికి పోవలసిన తల్లికి ఈ నియమమెంత కష్టమో ఎఱిగి, ఆమెను మందలించుట మాని, ఇంటిల్లిపాదికిని దీని యవసరము విప్పిచెప్పు వైద్యుడే ఇందు కృతకృత్యుడగును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు పట్టికలో వంకరపాదము చేరియున్నది గనుక, ప్రసవాలయముననే గుర్తించి ఉచితచికిత్సకు పంపు మార్గము మన జిల్లాలలోను కలదు. మొదటి వారములలోనే మొదలిడుట మేలు; ఆలస్యమైనను ఆశ వదలనక్కరలేదు. వంకర తిరిగివచ్చినచో మరల కట్లు వేయవచ్చును. మూడేండ్లకు దగ్గరైన బిడ్డ నడచునప్పుడు పాదము లోపలికి తిరుగుచున్నచో, ముందరి స్నాయువొకదానిని వెలుపలివైపునకు మార్చి కుట్టుదురు. ఒక కాలికే వైకల్యమున్న బిడ్డకు ఆ పిక్క కొంత సన్నముగను, ఆ పాదము కొంచెము చిన్నదిగను ఉండిపోవుట కలదు. అది చికిత్సలో లోపము కాదని తల్లిదండ్రులకు మొదటి కట్టు వేయునాడే చెప్పవలయును.