పాత క్యాంపర్ వ్యానులో వెంట ఉండవలసిన పనిముట్లు, విడిభాగములు

ఇంటిని వెంటబెట్టుకొని తిరుగు వాహనములలో ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యానుకు వచ్చిన ప్రసిద్ధి వేరొకదానికి రాలేదనవచ్చును. 1947లో హాలెండు వ్యాపారి బెన్ పోన్ గీసిన ఒక చిన్న చిత్రము దీనికి మూలము. 1950లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉత్పత్తి ప్రారంభమైనది. మరుసటి సంవత్సరము నుండి వెస్ట్‌ఫాలియా సంస్థ అందులో పడక, అల్మరా మొదలగు వసతులను అమర్చసాగినది. 1960, 70 దశకములలో యూరపు యువకులు అనేకులు ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోరుల మీదుగా ఢిల్లీ చేరినది ఇట్టి వ్యానులలోనే. 1979 నాటి ఇరాన్ విప్లవము, ఆఫ్ఘనిస్థాన్‌లో సోవియట్ సేనల ప్రవేశము ఆ దారిని మూసివేసినవి. చివరగా బ్రెజిల్‌లో సాగుచుండిన ఉత్పత్తియు 2013లో ముగిసినది. నేడు రోడ్డుమీద తిరుగు ఇట్టి బండి ప్రతిదియు పాతదే. అందుచేత దారిలో ఆగిపోయినపుడు అవసరమైన వస్తువు సమీపపు దుకాణములో దొరకునన్న ఆశ పెట్టుకొనరాదు.

ఏమి తీసికొని వెళ్ళవలెనో తెలియుటకు ముందు ఇంజను స్వభావము తెలియవలెను. వెనుక భాగమున ఉండు ఈ ఇంజనుకు నీరు లేదు, రేడియేటరు లేదు. గాలియే దానిని చల్లబరచును. 1600 ఘనపు సెంటీమీటర్ల నిలువు ఇంజనులో ఆ గాలిని విసరు పంకా డైనమో ఇరుసునకే బిగించబడి ఉన్నది. ఆ ఇరుసును త్రిప్పునది ఒకే ఒక బెల్టు. బెల్టు తెగినచో విద్యుత్తుతో పాటు చల్లదనమును ఆగిపోవును. డ్రైవరు ముందున్న ఎర్రదీపము వెలిగినపుడు "బ్యాటరీ సంగతి ఊరు చేరిన పిమ్మట చూతము" అనుకొని పోవువాడు ఇంజనును చేజేతులా కాల్చుకొన్నవాడగును. తక్షణమే ఆపవలెను. కావున సామగ్రిలో ప్రథమ స్థానము బెల్టుది. ఒకటి కాదు, రెండు.

అయితే బెల్టు ఉన్నంత మాత్రమున చాలదు. దానిని మార్చుటకు 21 మిల్లీమీటర్ల పానా, దృఢమైన స్క్రూడ్రైవరు కావలెను. డైనమో పుల్లీ రెండు పళ్ళెములుగా ఉండును. లోపలి పళ్ళెపు అంచునందలి గంటులో స్క్రూడ్రైవరును ఆనించి, పుల్లీ తిరుగకుండ పట్టి, నట్టు విప్పవలెను. పళ్ళెముల నడుమ పలుచని వాషర్లుండును. ఒక వాషరును నడుమ నుండి తీసినచో పళ్ళెములు దగ్గరై బెల్టు బిగియును, చేర్చినచో వదులగును. తీసినదానిని పారవేయక నట్టు క్రిందనే ఉంచుట రివాజు, ఏలయనగా తరువాతి బెల్టుకు అదియే అక్కరకు వచ్చును. బొటనవ్రేలితో నొక్కినపుడు బెల్టు సుమారు 15 మిల్లీమీటర్లు లోనికి వంగవలెను. ఈ పనిని అడవిదారిలో చీకటివేళ మొదటిసారి ప్రయత్నించుట కంటె ఇంటి ముంగిట ఒకసారి చేసి చూచుకొనుట మేలు.

ఇంజను కదలక మొరాయించుట తరచుగా నిప్పురవ్వ లోపము వలన జరుగును. ఒక జత పాయింట్లు, ఒక కండెన్సరు, రోటరు, రెండు ప్లగ్గులు కలిపి చేతి సంచిలో ఇమిడిపోవును. పాయింట్ల ఎడము 0.4 మిల్లీమీటర్లు ఉండవలెను గనుక ఫీలర్ గేజి తప్పనిసరి. అదే గేజి వాల్వుల ఎడము (0.15 మిల్లీమీటర్లు) చూచుటకును ఉపయోగించును. దీనిని ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, అనగా తెల్లవారుజామున, చూడవలెను. చప్పుడు చేయు వాల్వు కంటె చప్పుడు చేయని బిగుతు వాల్వు ప్రమాదకరము. అది సరిగా మూసుకొనక కాలిపోవును. మూత విప్పిన ప్రతిసారి వేయుటకు క్రొత్త గాస్కెట్లు వెంట ఉండవలెను.

యాక్సిలరేటరు, క్లచ్చి కేబుళ్ళు డ్రైవరు పాదము నుండి వెనుకనున్న ఇంజను వరకు బండి పొడవునా సాగును. వీటిని ఒక్కొక్కటి చొప్పున చుట్టి పడక క్రింద ఉంచిన చాలును. వీటికి తోడు 13, 17 మిల్లీమీటర్ల పానాలు, చక్రపు బోల్టులకు 19, కటింగ్ ప్లేయరు, ఫ్యూజులు, టెస్టు ల్యాంపు, కట్టు తీగ, లీటరు ఇంజను ఆయిలు; జాకీ, స్టెప్నీ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక అలంకారప్రాయమని కొందరు వదలివేయునది, నేను మాత్రము బెల్టుతో సమానముగా ఎంచునది, అగ్నిమాపక యంత్రము. పాత రబ్బరు పెట్రోలు గొట్టములు ఎండి చిట్లును. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు వాటిని మరింత త్వరగా పాడుచేయును. కారిన పెట్రోలు వేడి ఇంజనుపై పడినచో మంట లేచును. ఇంజను వీపు వెనుక ఉండుట చేత డ్రైవరు దానిని ఆలస్యముగా గుర్తించును. ఇంజను పెట్టె మెగ్నీషియము మిశ్రలోహము. అది అంటుకొన్న పిమ్మట నీళ్ళు పోసినచో మంట మరింత పెచ్చుపెరుగును. కావున పొడి రకపు యంత్రమును ఇంజను వద్ద గాక డ్రైవరు చేతికందు చోట అమర్చవలెను. రెండు మీటర్ల క్రొత్త గొట్టము, నాలుగైదు క్లిప్పులు కూడ ఉండవలెను. బయలుదేరుటకు ముందే పాత గొట్టమును మార్చినవానికి ఇవి బహుశః అక్కరకు రావు.

కొందరు అదనపు కార్బురేటరు, స్టార్టరు, డైనమో సైతము మోసికొనిపోవుదురు. సుమారు 50 అశ్వశక్తి గల ఇంజను ఇంటిసామాను మోయుచు కనుమలెక్కవలసి యున్నది. దానిపై మరింత బరువు వేయుట న్యాయము కాదు. స్టార్టరు చెడినను బండిని త్రోసి నడిపించవచ్చును. బెల్టు లేనిదే మైలు దూరము కూడ పోరాదు.