చేతికి అందే రోదసి

కారుకి ముందుకీ వెనక్కీ పోవడం, పక్కకి తిరగడం... అంతే. అంతరిక్ష నౌక అలా కాదు. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, ఉన్నచోటే పక్కకి జరుగుతుంది, పొర్లుతుంది కూడా. ‘ఎలైట్‌ డేంజరస్‌’ లాంటి కంప్యూటర్‌ ఆట మొదలెట్టిన పిల్లలకి విసుగొచ్చేది ఇక్కడే. కీబోర్డు మీద పది వేళ్లూ చాలవు మరి!

1984లో బ్రిటన్‌లో డేవిడ్‌ బ్రేబెన్‌, ఇయాన్‌ బెల్‌ తయారుచేసిన ‘ఎలైట్‌’కి వారసురాలు 2014లో వచ్చిన ఈ ఆట. దీనికోసం పిల్లలు కొనిపెట్టమని అడిగేది ‘హోటాస్‌’. కుడిచేతికి జాయ్‌స్టిక్‌, ఎడమచేతికి వేగాన్ని అదుపుచేసే థ్రాటిల్‌. స్టిక్‌ని పక్కకి వంచితే నౌక పొర్లుతుంది. మెలితిప్పితే ముక్కు పక్కకి తిరగాలి. కొనేముందు ఆ మెలితిప్పే ఏర్పాటు ఉందో లేదో చూడండి. ఉంటే చాలు, లైట్లు మెరిసే ఖరీదైన సెట్ల జోలికి పోనక్కర్లేదు. ఇంట్లో గేమ్‌ప్యాడ్‌ ఉంటే ముందు దాంతోనే ఆడించండి. సరదా నెల్లాళ్లు నిలుస్తుందో లేదో తేలిపోతుంది.

అసలు పని వైరు పెట్టాకే. ముట్టుకోకుండానే నౌక ఓ పక్కకి తిరిగిపోతోందా? సెట్టింగ్స్‌లో ‘డెడ్‌జోన్‌’ కొంచెం పెంచండి. మరీ పెంచితే స్టిక్‌ మొద్దుబారుతుంది. థ్రాటిల్‌ని ‘ఫార్వర్డ్‌ ఓన్లీ’లో పెడితే పూర్తిగా వెనక్కి లాగినప్పుడు వేగం సున్నా అవుతుంది. అప్పుడు రివర్స్‌కి ఓ బటన్‌ కేటాయించుకోవాలి. స్పీడు మీటరులోని నీలం భాగంలో ఉంటే నౌక చురుగ్గా మలుపు తిరుగుతుంది. పైకీ కిందికీ జరిపే మీటలు మాత్రం బొటనవేలికి అందాల్సిందే. గిర్రున తిరిగే స్టేషన్‌ ద్వారంలో దూరేటప్పుడు కీబోర్డు వెతుక్కునే తీరిక ఎక్కడిది? గోడకి గుద్దుకుంటే రిపేరు ఖర్చు మనదే... ఆటలో డబ్బులే లెండి!