రక్తం చెప్పే వయస్సు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒకే రోజు కొన్న రెండు సాంచాలు ఉన్నాయనుకుందాం. ఒకదానికి వేళకు నూనె వేశారు, అరిగిన భాగాలు మార్చారు. రెండోదాన్ని పట్టించుకోలేదు. పదేళ్ళ తరువాత రెండింటి వయస్సూ పదేళ్ళే. కాని రెండూ ఒకేలా నడుస్తాయా? నడవవు. వాటి చప్పుడు వినే అనుభవజ్ఞుడు ఏది ముందు మూలపడుతుందో చెప్పగలడు.

మన శరీరం కూడా ఇంతే. పుట్టిన తేదీని బట్టి లెక్కించే వయస్సు ఒకటి. శరీరం ఎంత అరిగిందో తెలిపే వయస్సు మరొకటి. మొదటిది బడి రిజిస్టరులో ఉంటుంది. మరి రెండోది ఎక్కడ ఉంటుంది? చాలావరకు రక్తంలో!

వయస్సుకూ ముప్పుకూ లెక్క

1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే ఆంగ్ల గణితవేత్త మరణాల పట్టికలు పరిశీలించి ఒక వింత కనుగొన్నాడు. యౌవనం దాటాక, వయస్సుతోపాటు మరణించే అవకాశం కూడుతూ పోదు, రెట్టింపవుతూ పోతుంది. సుమారు ప్రతి ఎనిమిదేళ్ళకూ అది రెండింతలవుతుంది. నలభై ఏళ్ళ మనిషికి ఆ ముప్పు ఒక పాలు అనుకుంటే 48కి రెండు, 56కి నాలుగు, 64కి ఎనిమిది పాళ్ళు అవుతుంది.

అయితే ఇది సగటు లెక్క. 64 ఏళ్ళవారిలో చలాకీగా పొలం పనిచేసే తాత ఉంటాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే తాతా ఉంటాడు. ఈ తేడాను ముందుగానే పట్టుకోవటానికి శాస్త్రజ్ఞులు రక్తాన్ని ఆశ్రయించారు. రక్తం అన్ని అవయవాల గుండా ప్రవహిస్తుంది కాబట్టి ప్రతి అవయవం సంగతీ దానిలో ఎంతో కొంత కనిపిస్తుంది.

ఒక తెలుగువాడి పరిశోధన

రక్తపరీక్ష కాగితంలో 'క్రియాటినిన్' అనే మాట మీరు చూసే ఉంటారు. అది ఎక్కడి నుంచి వస్తుంది?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పరిశోధించాడు. 1927లో వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. మీరు పరుగు పందెంలో మొదటి కొద్ది క్షణాలు దూసుకుపోవటానికి శక్తినిచ్చేది ఇదే. ఈ పదార్థమూ, దీని మూలమైన క్రియాటినూ ప్రతిరోజూ కొద్దికొద్దిగా విరిగి క్రియాటినిన్‌గా మారతాయి. అది శరీరానికి పనికిరాదు. మూత్రపిండాలు దాన్ని వడగట్టి బయటకు పంపుతాయి.

ఇక ఆలోచించండి. తయారయ్యేది రోజూ ఇంచుమించు ఒకే మోతాదు. అయినా రక్తంలో అది పెరుగుతున్నదంటే అర్థమేమిటి? జల్లెడ పాడవుతున్నదన్నమాట! దీన్ని కొలిచే పద్ధతికి పునాది 1886లోనే పడింది. క్షారం కలిపిన పిక్రిక్ ఆమ్లంతో చేరితే క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగు ఇస్తుందని మాక్స్ యాఫే గమనించాడు. రంగు ఎంత చిక్కగా ఉంటే క్రియాటినిన్ అంత ఎక్కువ.

నూరేళ్ళు బతికినవారి రక్తం

స్వీడన్‌లో 1893 - 1920 మధ్య పుట్టిన 44,636 మంది రక్తపరీక్షల ఫలితాలను పరిశోధకులు పరిశీలించి 2023లో ప్రకటించారు. రక్తం ఇచ్చేనాటికి వారి వయస్సు 64 నుంచి 99 ఏళ్ళు. ఆ తరువాత కొందరిని 35 ఏళ్ళదాకా గమనించారు. వారిలో 1,224 మంది నూరేళ్ళు నిండేదాకా బతికారు. వీరిలో నూటికి 85 మంది స్త్రీలే!

అరవైలలో ఉన్నప్పటినుంచే వీరి రక్తంలో సగటున గ్లూకోజు, క్రియాటినిన్, యూరిక్ ఆమ్లం తక్కువగా ఉన్నాయి. గ్లూకోజు డెసిలీటరుకు 117 మిల్లీగ్రాములు దాటినవారు, క్రియాటినిన్ 1.4 దాటినవారు వీరిలో బహు కొద్దిమంది. యూరిక్ ఆమ్లం అతి తక్కువగా ఉన్న వర్గంలో నూటికి నలుగురు నూరేళ్ళు చూశారు. అతి ఎక్కువగా ఉన్న వర్గంలో నూటికి ఒకటిన్నర మంది మాత్రమే.

ఈ అంకెను తొందరపడి చదవకండి. మంచి ఫలితం వచ్చిన వర్గంలో కూడా నూటికి 96 మంది నూరేళ్ళు చేరలేదు కదా! రక్తపరీక్ష జాతకం కాదు. అది వర్గానికి ఉన్న అవకాశాన్ని చెబుతుంది గాని ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో చెప్పదు.

తొమ్మిది పరీక్షల లెక్క

ఒక్క పరీక్షకన్న కొన్నింటిని కలిపి చూస్తే మేలు. 1988 - 94 మధ్య అమెరికాలో జరిగిన ఆరోగ్య సర్వే సమాచారంతో మోర్గన్ లెవీన్, ఆమె సహచరులు 2018లో ఒక సూత్రం ప్రకటించారు. 42 కొలతల నుంచి తొమ్మిదింటిని ఏరి, వాటికి అసలు వయస్సు జోడించి 'శరీర వయస్సు' లెక్కగట్టారు. గ్లూకోజు, క్రియాటినిన్ అందులో ఉన్నాయి. కాలేయం తయారుచేసే ఆల్బుమిన్, శరీరంలో వాపు ఉంటే పెరిగే సి-రియాక్టివ్ ప్రోటీన్, తెల్లకణాల సంఖ్య కూడా ఉన్నాయి.

మరొకటి ఎర్రకణాల పరిమాణంలో తేడా. కోరుట్లలో బీడీలు చుట్టేవారిని అడగండి: కట్టలోని బీడీలన్నీ ఒకే కొలతలో ఉండాలి, లేకుంటే తిప్పికొడతారు. ఆరోగ్యవంతుని ఎర్రకణాలూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. చిన్నా పెద్దా కలగాపులగమైతే ఎముక మజ్జలో పని సరిగా సాగటం లేదని గ్రహించాలి. రక్తహీనత కూడా ఇందుకు ఒక కారణం.

అంకె ఎప్పుడు మోసగిస్తుంది?

బాగా కండబలం ఉన్నవానికి క్రియాటినిన్ సహజంగానే కొంత ఎక్కువ. కండ కరిగిపోయిన ముసలివారికి మూత్రపిండాలు దెబ్బతిన్నా అది తక్కువగానే కనిపించవచ్చు. మే నెల ఎండలో నీళ్ళు చాలక ఒళ్ళు ఎండినా అది పెరుగుతుంది. అందుచేతనే వైద్యుడు వయస్సునూ, స్త్రీ పురుష భేదాన్నీ కలిపి లెక్కిస్తాడు, అవసరమైతే మళ్ళీ పరీక్ష చేయిస్తాడు.

ఇంకొక సంగతి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కానక్కరలేదు. పొగ కనిపిస్తే మంట ఉన్నట్టు తెలుస్తుంది. పొగను విసిరికొడితే మంట ఆరదు. ఆల్బుమిన్ తగ్గటం చాలాసార్లు పొగ వంటిది. గ్లూకోజు పెరగటం మాత్రం పొగా, మంటా రెండూను. అది ఏళ్ళ తరబడి రక్తనాళాలనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

మీ ఇంటికి దగ్గరలోనే

మధుమేహం గాని మూత్రపిండాల జబ్బు గాని మొదట్లో నొప్పి పుట్టించవు. "నాకేం, బాగానే ఉన్నా" అని తాత అనవచ్చు. నొప్పి తెలిసేనాటికి మూత్రపిండం చాలావరకు పోయి ఉంటుంది. అందుకే పరీక్ష.

2021 జూన్‌లో తెలంగాణలోని 19 జిల్లాలలో ప్రభుత్వ ఉచిత రోగనిర్ధారణ కేంద్రాలు ఆరంభమయ్యాయి. జగిత్యాల, సిరిసిల్ల వాటిలో ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు ఇది. ముప్పై ఏళ్ళు దాటినవారు రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేయించుకోవాలని జాతీయ ఆరోగ్య కార్యక్రమం చెబుతున్నది.

మీ ఇంట్లో పెద్దవారు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారో ఈరోజే అడగండి. పాత కాగితాలుంటే తేదీల వరుసలో పెట్టి, గ్లూకోజు, క్రియాటినిన్ అంకెలను మీ గ్రాఫు కాగితం మీద గుర్తించండి. ఒక్క చుక్కకన్న గీత ఎటు పోతున్నదో ముఖ్యం. గీత పైకి పోతుంటే ఆ కాగితంతో వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఒళ్ళు నొప్పులకు ఎవరో ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతుంటే ఆ సంగతీ చెప్పండి. అవి మూత్రపిండాలకు హాని చేయగలవు.

పుట్టిన తేదీని ఎవరూ మార్చలేరు. ఈ గీతను మాత్రం మందుతో, తిండితో, నడకతో, పొగ మానటంతో కొంత వంచవచ్చు. వేళకు నూనె వేసిన సాంచా ఎక్కువకాలం ఆడుతుంది కదూ!