జావాలో పాయింటర్లు ఎందుకు లేవు?

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లకు ఎదురయ్యే పాత ప్రశ్నే ఇది. చాలామంది ‘సెక్యూరిటీ కోసం సర్’ అని ఒక్క మాటలో ముగించేస్తారు. ‘ఎలా?’ అని అడిగితే మాత్రం తడబడతారు. మీరు తడబడకూడదంటే అసలు సంగతి తెలుసుకోండి.

డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషను రూపొందించారు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాంతోనే తిరగరాశారు. అలాంటి పనికి మెమరీ అడ్రస్‌లు నేరుగా కావాలి. అందుకే సీలో పాయింటర్‌కు ఒకటి కలిపి పక్క గడిలోకి వెళ్లొచ్చు. పది గడుల అర్రేలో పదకొండో గడి అడిగినా భాష తనంతట తాను అడ్డు చెప్పదు.

ఆ స్వేచ్ఛ ఖరీదెంతో 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం చూపించింది. సీలో రాసిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో ఒక్క లెంగ్త్ చెక్ తప్పిపోయింది. చిన్న మెసేజ్ పంపి ‘ఇది చాలా పెద్దది, మొత్తం తిరిగి పంపు’ అంటే సర్వర్ నమ్మేసేది. అలా ఒక్కోసారి 64 కేబీ వరకు మెమరీ బయటికి పోయేది. అందులో పాస్‌వర్డ్‌లు, రహస్య కీలు కూడా ఉండొచ్చు!

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను తెచ్చినప్పుడు, ఎవరో రాసిన ఆప్లెట్ మన బ్రౌజర్‌లో నడవాల్సి వచ్చింది. ముక్కూమొహం తెలియని కోడ్‌కి అడ్రస్‌లు అప్పగిస్తే ఇంటి తాళాలు ఇచ్చినట్టే కదా! అందుకే జావాలో రిఫరెన్స్ ఉంటుంది గానీ, దానికి ఒకటి కలపడం కుదరదు. అర్రే హద్దు దాటితే ఎక్సెప్షన్ వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అసలు అడ్రస్ మన చేతిలో ఉండదు కాబట్టి గార్బేజ్ కలెక్టర్ ఆబ్జెక్టులను మెమరీలో అటూఇటూ జరుపుకోగలదు.

‘మరి నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ ఎక్కడిది?’ అని ఇంటర్వ్యూయర్ మెలిక పెట్టొచ్చు. ‘లేనిది పాయింటర్ అరిథ్మెటిక్ సర్, రిఫరెన్స్ ఉంది. అది దేన్నీ చూపించనప్పుడు ఆ ఎక్సెప్షన్ వస్తుంది’ అని చెప్పండి.

అలాగని సీని పక్కన పెట్టేయకండి. లైనక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ సీనే. జావాను నడిపే హాట్‌స్పాట్ వర్చువల్ మెషీన్‌ను కూడా ప్రధానంగా సీ ప్లస్ ప్లస్‌లోనే రాశారు. రస్ట్ మధ్యేమార్గం పట్టింది. మామూలుగా కాపలా ఉంటుంది, తప్పనిసరైతే ‘అన్‌సేఫ్’ అని రాసి లోపలికి వెళ్లొచ్చు.

ఈ రాత్రికి ఓ పని చేయండి. పది గడుల అర్రేలో పదకొండో గడిని సీలోనూ, జావాలోనూ చదివి చూడండి. రెండు అవుట్‌పుట్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే ‘ఎలా?’ అన్న ప్రశ్నకు మీ సొంత మాటల్లో జవాబు దొరుకుతుంది.